లక్ష్మిని వెతికితే లగాన్

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో గొడవలంటే జీతాల గురించో ప్రమోషన్ల గురించో అనుకుంటారు బయటివాళ్లు. అవి కడుపులో రగులుతాయే తప్ప నోటిదాకా రావు. బల్ల గుద్ది, గొంతు పెంచి, లంచ్ బాక్సు మూత తియ్యకుండా మరీ పోట్లాడుకునేది ఒక తెల్లటి పెట్టె గురించి. అందులో భూతద్దం బొమ్మ ఎడమ పక్కన ఉండాలా, కుడి పక్కన ఉండాలా అని.

మాది హైదరాబాదులో చిన్న కంపెనీ. ఆడిటర్ల ఆఫీసులు కాగితాలు దాచుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముకుని బతుకుతున్నాం. అందులో దాచడానికి సకల సదుపాయాలూ ఉన్నాయి. తీసుకోవడానికి మాత్రం ఏ ఫోల్డర్లో పెట్టారో గుర్తుండాలి. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారు ఫోన్ చేసి, "మీ దాంట్లో వేసిన ఫైలూ హుండీలో వేసిన రూపాయీ ఒకటేనండీ, పడ్డ చప్పుడు వినబడుతుంది, అంతే" అన్నాక మా మేనేజరు గారిలో చలనం వచ్చింది. ఫైళ్లు వెతికే యాడ్-ఆన్ ఒకటి చెయ్యాలని తీర్మానించారు. మీటింగుల్లో ఎవరేమన్నదీ రాసి సాయంత్రానికి అందరికీ మెయిలు కొట్టడం నా ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకం రాసేదీ నేనే. దాన్ని ఎవరూ చదవరు కాబట్టి నాకు మనశ్శాంతి ఎక్కువ.

మొదటి మీటింగులో మొదటి అంశం ఇండెక్సు. ఏ మాట ఏ ఫైల్లో ఉందో ముందే జాబితా కట్టి పెట్టుకుంటే అడిగినప్పుడు డిస్కంతా గాలించనక్కర్లేదు. మా డెవలపర్ కుర్రాడు పాపం బాగా చదువుకుని వచ్చాడు. విండోస్‌లో ఎవ్రీథింగ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, అది డిస్కులో ఉండే మాస్టర్ ఫైల్ టేబుల్‌ని నేరుగా చదివేస్తుంది, అందుకే లక్షల ఫైళ్లున్నా మనం టైపు చేస్తుండగానే పేర్లు ముందు పెడుతుంది, అయితే ఆ వేగమంతా పేర్లతో సరిపెట్టుకోవడం వల్లే, మనం పేర్ల దగ్గర ఆగుదామా లోపలి విషయం కూడా చదువుదామా అని అడిగాడు. చదివితే స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల సంగతేంటి, అవి ఫొటోలే గానీ అక్షరాలు కావు కదా అన్నాడు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు దస్తావేజులు ఇంకో తలనొప్పి అన్నాడు. తెర మీద చక్కగా 'శ్రీ' కనబడుతుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల నంబర్లు, తెలుగులో వెతికితే ఈ జన్మకి దొరకవు.

ప్రాజెక్టు మొత్తం మునిగేదీ తేలేదీ ఇక్కడే. గదిలో అందరూ గంభీరంగా తలలూపారు. "బాగుంది, కానిచ్చెయ్" అన్నారు మేనేజరు గారు. కప్పులో టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

రెండో అంశం, పెట్టె ఎక్కడ పెట్టాలి. ఆ మీటింగు దాంతోనే అయిపోయింది. తర్వాతి మీటింగు కూడా.

ఇది మా ఒక్కళ్ల జబ్బు కాదు. పార్కిన్సన్ అనే ఇంగ్లీషాయన 1957లో వేసిన పుస్తకంలో దీని జాతకం రాసి పెట్టాడు. ఆయన కల్పించిన కమిటీ కోటి పౌండ్ల అణు రియాక్టర్‌ని రెండున్నర నిమిషాల్లో పాస్ చేస్తుంది. గుమాస్తాల సైకిళ్లకి 350 పౌండ్ల షెడ్డు వెయ్యాలంటే ముప్పావుగంట వాదిస్తుంది. ఏడాదికి 21 పౌండ్లయ్యే కాఫీ ఖర్చు మీద గంటంబావు కొట్టుకుంటుంది. రియాక్టర్ ఎవరికీ అర్థం కాదు, షెడ్డు అందరికీ తెలుసు, కాఫీ తాగనివాడు లేడు. 1999లో ఫ్రీబీఎస్‌డీ ప్రోగ్రామర్లు ఇలాగే చిన్న విషయం మీద కొట్టుకుంటుంటే పౌల్-హెన్నింగ్ క్యాంప్ అనే డెన్మార్క్ ప్రోగ్రామర్ ఈ సైకిల్ షెడ్డు కథ గుర్తుచేశాడు. అప్పట్నుంచీ మా వృత్తిలో ఎవడైనా అడ్డంగా వాదిస్తుంటే వాణ్ణి నోరు మూయించడానికి 'సైకిల్ షెడ్డు' అంటే చాలు.

నాకు మాత్రం ఆ కథలో గుమాస్తాల మీద జాలి. వాళ్లు రోజూ సైకిలు పెట్టుకునేది ఆ షెడ్డులోనే కదా. రియాక్టర్‌లోకి తొంగిచూసే పని వాళ్లకి లేదు. ఆ ముప్పావుగంటలో ఎవరైనా బయటికెళ్లి ఒక గుమాస్తాని "నాయనా, నీ సైకిలు ఎక్కడ తడుస్తోంది?" అని అడిగుంటే అది వృథా అయ్యేది కాదు. మా ఇండెక్సు ఎంత గొప్పదైనా ఆడిటర్ గారి ఆఫీసులో జనం చూసేది ఆ తెల్లపెట్టెనే. కాబట్టి ఈ పోట్లాటలో నేను షెడ్డు పార్టీ.

మా పోట్లాటగాళ్లని పరిచయం చెయ్యాలి. టీమ్ లీడ్ కీబోర్డు మతస్థుడు. మౌసు ముట్టుకుంటే మైల. పెట్టె అసలు కనబడకూడదంటాడు. ఏవో రెండు మీటలు నొక్కితే తెర మధ్యలో ప్రత్యక్షమవ్వాలి, పని అయ్యాక అంతర్ధానమవ్వాలి. 2005లో యాపిల్ వాళ్లు స్పాట్‌లైట్ తెచ్చినప్పట్నుంచీ ఇదే నాగరికత అని అతని వాదం. "మరి ఆ మీటలు ఏవో తెలియనివాళ్లు?" అని అడిగితే "నేర్చుకుంటారు" అంటాడు. డిజైనర్ అమ్మాయికి ఖాళీ స్థలమంటే ప్రాణం. ఏదైనా తీసేద్దామంటే ముందుంటుంది, పెడదామంటే నిద్రపోదు. టెస్టరు ఎవరి పక్షమూ కాదు, అందరికీ సమానంగా శత్రువు. "అంతా బాగుంది గానీ అన్నా, ఇలా నొక్కితే?" అని మొదలుపెడతాడు. అప్పటిదాకా ఒప్పుకున్నవన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

ఇక మేనేజరు గారు. ఆయన కంప్యూటరు నేర్చుకున్నది విండోస్ ఎక్స్‌పీ మీద. 2001లో వచ్చిన ఆ విండోస్‌లో ఫైలు వెతకబోతే మూల ఒక బొమ్మ కుక్క కూర్చునేది, పేరు రోవర్. అంతకుముందు 1995లో మైక్రోసాఫ్ట్ బాబ్ అనే సాఫ్ట్‌వేర్లో కొలువు చేసింది. ఆ బాబ్ బతికి బట్టకట్టలేదు గానీ కుక్క మాత్రం బతికి ఎక్స్‌పీలో ఉద్యోగం సంపాదించుకుంది. ఫైలు దొరికేదాకా తోకాడిస్తూ కూర్చునేది. నచ్చకపోతే దాన్ని పంపించేసే సదుపాయం కూడా ఉండేది. మేనేజరు గారికి ఆ కుక్క మీద చెప్పలేనంత మమకారం.

"ఓ కుక్కపిల్లని పెడితే జనానికి ఓపికొస్తుందయ్యా. ఖాళీ తెర చూస్తూ ఎంతసేపు కూర్చుంటారు?"

"సర్, మనది టైపు చేస్తుండగానే వచ్చేస్తుంది. కుక్క వచ్చి కూర్చునే టైము కూడా ఉండదు," అన్నాడు లీడ్.

"అయితే పరిగెడుతున్న కుక్కని పెట్టండి."

దీన్ని మినిట్స్‌లో ఎలా రాయాలో నాకు పాలుపోలేదు. 'పురోగతి సూచిక గురించి సానుకూల చర్చ జరిగింది' అని రాశాను. ఉద్యోగం నిలబెట్టుకోవడం ఒక కళ.

రంగు సంగతి ఎక్కువ చెప్పను. పెట్టె అంచుకి ఏ నీలం వెయ్యాలని మొదలవగానే డిజైనర్ అమ్మాయి, గూగుల్‌లో డగ్లస్ బౌమన్ అనే డిజైనరు 2009లో ఉద్యోగం మానేస్తూ ఏం రాశాడో చెప్పింది. రెండు నీలాల్లో ఒకటి తేల్చుకోలేక వాటి మధ్య 41 ఛాయల్ని పరీక్షకి పెట్టారని, ఒక గీత మూడు పిక్సెళ్లుండాలా, నాలుగా, అయిదా అన్నదానికి కూడా రుజువు చూపించమన్నారని ఆయన బాధ. అంత పెద్ద కంపెనీకే అన్ని నీలాలు పట్టాయంటే మనకెన్ని పడతాయోనని మేనేజరు గారు భయపడి, బూడిదరంగు ఖాయం చేశారు.

అసలు యుద్ధం ఎస్కేప్ మీట దగ్గర జరిగింది. పెట్టెలో ఏదో టైపు చేశాం, ఎస్కేప్ కొట్టాం. ఏమవ్వాలి? పెట్టె మూసుకుపోవాలని లీడ్. టైపు చేసింది చెరిగిపోవాలి, పెట్టె ఉండాలని డిజైనర్. మొదటిసారి కొడితే చెరగాలి, రెండోసారి కొడితే మూయాలని డెవలపరు మధ్యేమార్గం చెప్పాడు. అందరికీ నచ్చింది. నేను రాసేసుకుంటున్నాను కూడా. అప్పుడు టెస్టరు గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, టైపు చేశా. కింద వచ్చిన ఫైళ్లలో బాణం నొక్కుకుంటూ ఏడో దాని మీదికెళ్లా. అప్పుడు ఎస్కేప్ కొట్టా. ఏం జరగాలి?"

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినబడింది. పెట్టెలోకి తిరిగి వెళ్లాలా, అన్నీ చెరగాలా, అంతా మూసుకుపోవాలా? ఒక్కో దారిలో వెళ్తే ఒక్కో గుంట. అతనక్కడితో ఆగాడా? "తెలుగులో ఫొనెటిక్‌గా కొడుతుంటే మాట కింద గీత పడుతుంది కదా, ఇంకా ఖాయం కాని మాట. అప్పుడు ఎస్కేప్ కొడితే ఆ మాటని రద్దు చెయ్యడం కీబోర్డు పని. మన పెట్టె మధ్యలో దూరి తానే మూసుకుపోతే?" అన్నాడు. ఇది నిజంగా మంచి ప్రశ్న. ఇంగ్లీషు తప్ప ఇంకేదీ కొట్టనివాళ్లు కట్టిన పెట్టెల్లో చాలాచోట్ల ఈ చిక్కుంది. మన మాట పూర్తికాకముందే ఎంటరో ఎస్కేపో లాగేసుకుంటాయి. ఆ మాట అందరం ఒప్పుకున్నాం గానీ పరిష్కారం మాత్రం మర్నాటికి వాయిదా పడింది.

మర్నాడు స్విచ్చు. పేర్లలోనే వెతకాలా, లోపల కూడా వెతకాలా అని పెట్టె పక్కన ఒక మీట. దాని మీద 'పేర్లు' అని రాసుంటే, ఇప్పుడు పేర్లలో వెతుకుతోందని అర్థమా, నొక్కితే పేర్లలో వెతుకుతుందని అర్థమా? నవ్వకండి. వీడియో కాల్లో గీత కొట్టిన మైకు బొమ్మ చూసి, ఇప్పుడు మన మాట ఆగిపోయిందా, నొక్కితే ఆగుతుందా అని తేలక కొడుకుని పిలిచిన తండ్రులు తెలుగు దేశంలో ఎంతమంది లేరు! కట్, కాపీ, పేస్టులని మనకిచ్చినవాళ్లలో ఒకడైన లారీ టెస్లర్‌కి ఇలా ఒకే మీట ఒకప్పుడు ఒకలా, ఇంకోప్పుడు ఇంకోలా ప్రవర్తించడమంటే ఒళ్లుమంట. కారు నంబరు ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అని వేయించుకున్నాడు. ఆయన పేరు చెప్పగానే స్విచ్చు ఎగిరిపోయింది. పేరులో దొరికినవి పైన, లోపల దొరికినవి కింద, మధ్యలో ఒక గీత. డిజైనర్ అమ్మాయి ఆ గీతని కూడా తీసేద్దామంది.

ఆ తర్వాత, ఎన్ని మిల్లీసెకన్లు ఆగి వెతకాలన్న పంచాయితీ. పదోవంతు సెకనులోపు వస్తే మనిషికి తక్షణం వచ్చినట్టే ఉంటుందని, సెకను దాటితే ఆలోచన తెగుతుందని, పది దాటితే మనసు ఇంకో పని మీదికి పోతుందని జేకబ్ నీల్సన్ 1993లో రాశాడు. కాబట్టి నూటయాభై మిల్లీసెకన్లని లీడ్, మూడొందలని డెవలపరు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

ఇక లాభం లేదని డిజైనర్ అమ్మాయినీ నన్నూ విజయవాడ పంపారు, వాడేవాళ్లని చూసి రమ్మని. ఆడిటర్ గారి ఆఫీసులో వెతకడమనే పని పెద్ద గుమాస్తాగారిది. పంచె కట్టు, మెడలో తాడుకి కళ్లజోడు. నమూనా పెట్టెని ఆయన ముందు పెట్టి, "బాబాయ్ గారూ, మీకు కావలసిన ఫైలు వెతకండి, మేం పక్కన కూర్చుని చూస్తాం," అంది అమ్మాయి.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. కీబోర్డు మీదికి వంగారు. కుడిచేతి చూపుడువేలు గాల్లో తిప్పి, అక్షరం దొరికాక, గట్టిగా ఒక్కటి పొడిచారు. మళ్లీ వేలు గాల్లోకి లేచింది. పైన తెర మీద మా ఫలితాలు ప్రతి అక్షరానికీ నూటయాభై మిల్లీసెకన్లలో మారిపోతూ, మెరుస్తూ, తమ ప్రతిభంతా చూపిస్తున్నాయి. ఆయన ఒక్కసారి తలెత్తితే ఒట్టు. పేరంతా పొడిచి, ఎంటర్ కొట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, అప్పుడు తెర చూశారు. నూటయాభయ్యీ మూడొందలూ రెండూ అక్కడికక్కడే చచ్చిపోయాయి. అమ్మాయి నా వైపు చూసింది. లీడ్‌కి ఈ ముక్క ఫోన్లో చెప్పాలా, హైదరాబాదు వెళ్లాక చెప్పాలా అని.

లీడ్‌కి ఎంతో ఇష్టమైనది ఇంకొకటుంది. పెట్టె తెరవగానే, ఏమీ కొట్టకముందే, ఈమధ్య చూసిన ఫైళ్లు కనబడటం. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 తన అడ్రసు పెట్టెలో, మనం ఎంత తరచుగా, ఎంత ఈమధ్య చూశామన్నది కలిపి లెక్కగట్టి వరస పెట్టింది, మనం కూడా అలాగే అన్నాడు. గుమాస్తాగారు ఆ జాబితా చూసి ఉలిక్కిపడి తెరని గోడవైపు తిప్పేశారు.

"తల్లీ, ఇక్కడ కుర్చీలో కూర్చునేది క్లయింటు. పక్క షాపాయన బ్యాలెన్స్ షీటు ఇందాకే చూశానని ఈయనకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఇద్దరూ ఒకే వీధిలో చెప్పుల వ్యాపారం."

మీటింగు గదిలో ఎంత కొట్టుకున్నా ఎవరికీ తట్టని సంగతి ఇది. అక్కడ ఎదుటి కుర్చీలో కూర్చునేవాడు కూడా మా ఉద్యోగే కదా. ఆ జాబితా ఆ క్షణమే పోయింది.

తర్వాత తెలుగు. మా డెవలపరు లక్ష్మి అనే పేరుతో పరీక్ష పెట్టి పంపాడు. కంటికి లక్ష్మి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒక్కో మీటా కొట్టుకుంటూ పోతే ప్రతి మెట్టులోనూ వెతుకుడే. 'లక' దగ్గర పలకల దుకాణం బిల్లు వచ్చింది. 'లక్ష' దగ్గరకొచ్చేసరికి లక్షల అప్పు పత్రాలు, లక్షల డిపాజిట్లు తెర నిండిపోయాయి. లక్ష్మి దగ్గరికి పోయే దారిలో లక్షలు తగలడం ఆడిటర్ ఆఫీసుకి శుభశకునమే గానీ, వెతికేవాడికి నరకం. పొల్లు దగ్గర ఆగిన మాటకి వెతకొద్దని అప్పటికప్పుడు నిర్ణయించాం.

అయినా అక్కడ ఫైళ్ల పేర్లలో తెలుగు ఎంత? ముప్పాతిక మువ్వీసం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లే. లక్ష్మిని కే, ఎస్, హెచ్‌లతో నిండుగా రాసేవాళ్లున్నారు, ఒక్క ఎక్స్‌తో తేల్చేసేవాళ్లున్నారు. శ్రీనివాస్ ఎస్ తర్వాత హెచ్‌తో ఒకచోట, రెండు ఈలతో ఇంకోచోట. దీనికి సౌండెక్స్ అనే పాత మందుంది. అమెరికాలో రాబర్ట్ రసెల్ 1918లో పేటెంటు తీసుకున్నాడు, తర్వాత అక్కడి జనాభా లెక్కల కార్డుల్ని పేర్లవారీగా సర్దడానికి వాడారు. పేరులో మొదటి అక్షరం ఉంచి, అచ్చులు పీకేసి, దగ్గరదగ్గరగా పలికే హల్లులకి ఒకే అంకె ఇస్తారు. ఆ లెక్కన రెండు రకాల లక్ష్మిలూ ఎల్ 250. రెండు రకాల శ్రీనివాసులూ ఎస్ 651. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

గుమాస్తాగారు లక్ష్మి అని పొడిచి ఎంటర్ కొట్టారు. లక్ష్ములందరూ వచ్చారు. వాళ్ల మధ్యలో, ఆఫీసు కుర్రాడెవడో దాచుకున్న 'లగాన్' సినిమా కూడా వచ్చింది. లగానూ ఎల్ 250యే. "శిస్తు గురించిన సినిమానే కదా, ఉండనివ్వండి, మన డిపార్ట్‌మెంటే" అన్నారాయన. ఆ కుర్రాడు మంచినీళ్లకని బయటికెళ్లాడు.

తర్వాత ఆయన ఎల్లయ్య అని కొట్టారు. ఫైళ్లు ఏవీ లేవు అంది మా పెట్టె.

"లేవు అంటుందేంటమ్మా? నా చేత్తో పెట్టాను."

ఎల్లయ్య వై దగ్గర దాక్కున్నాడు. ఏడుకొండలూ అక్కడే, ఎర్రన్నా అక్కడే. మనం 'ఎ' అన్నా 'యె' అన్నా ఒకరినే పిలుస్తాం. కొందరు ఈతో రాస్తారు, కొందరు ముందు వై తగిలిస్తారు. సౌండెక్స్‌కి మొదటి అక్షరం మీద అచంచల విశ్వాసం, అది మారిందంటే వాడు వేరే మనిషి. అమ్మాయి ఫోను తీసి డెవలపరుకి ఈ సంగతి చెబుతుంటే, గుమాస్తాగారు లేచి బీరువా తెరిచి పొడుగు నోటు పుస్తకం ఒకటి తెచ్చారు. ఎడమవైపు తెలుగులో క్లయింటు పేరు. కుడివైపు పాన్ కార్డులో ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో, బ్యాంకు పాసుబుక్కులో ఎలా ఉందో, ఎర్ర ఇంకుతో. రిటర్ను వెనక్కొచ్చినప్పుడల్లా ఒక వరస చేరింది. అచ్చులు పీకకుండానే, అంకెలు వెయ్యకుండానే, అక్కడ ఎల్లయ్య పక్కన ఎల్లయ్యలందరూ ఉన్నారు.

ఆ పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీసుకుని వచ్చాం. ఇప్పుడు మా యాడ్-ఆన్‌లో సౌండెక్స్ కన్నా ముందు పనిచేసేది అదే. ప్రతి ఆఫీసూ తన పుస్తకం తనే నింపుకునేలా ఒక పట్టిక పెట్టాం. ఏమీ దొరకకపోతే 'లేవు' అనకుండా, ఏ స్పెల్లింగులన్నీ చూసిందో వరసగా చెబుతుంది. పట్టికలో గీతలుండాలా వద్దా అని మాత్రం ఇంకా నడుస్తోంది. ఎస్కేప్ రెండుసార్లు. కుక్క లేదు.

మొన్న రిటర్నుల గడువు దగ్గర పడ్డప్పుడు గుమాస్తాగారు ఫోన్ చేశారు.

"వై గారు వచ్చారండీ. న్యూమరాలజీ ఆయన మళ్లీ లెక్కలు కట్టాట్ట. వై తీసేసి, ఎల్లు మూడు, చివర ఏలు రెండు వేయించుకున్నారు. ఆధార్ మారింది, పాన్ ఇంకా మారలేదు, బ్యాంకులో అప్లికేషన్ ఇచ్చారు. పట్టికలో వరసలు నిండిపోయి కింద ఇంకో వరస రావడం లేదు. అదేదో కాస్త చూసి పెట్టండి, ఈయన ఇక్కడే కూర్చున్నారు."